కదలని గుడ్డు

ఐదో నెలలో కడుపు పోయిన రెండు వారాలకే కోడలు మళ్ళీ పనిలో చేరింది. మధ్యాహ్నం క్యారియర్ ఇవ్వడానికి ప్రయోగశాలకు వచ్చిన అత్తగారిని మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది.

"కళ్ళు ఆనించి చూడండి అత్తయ్యా. గుడ్డులో రెండు రోజుల కోడిపిల్ల."

"పూసల దండలా ఉందే."

"వెన్నుపూసలు వాటినుంచే వస్తాయి. కణాల ఒంటిమీద జిగురులాంటిది ఉంటుంది. దాంతో ఒకదాన్నొకటి పట్టుకుంటేనే పూస కడుతుంది. ఇప్పుడు ఈ రెండో గుడ్డు చూడండి."

"ఇందులో చెదిరిపోయాయేం? ఏం చేశావు దీన్ని?"

"ఏమీ చెయ్యలేదు. ఆ పట్టు కుదర్లేదంతే. కొన్నింటికి అలా అవుతుంది."

"ఎవరైనా కదిపారేమో."

"పొదిగే పెట్టెలోంచి ఇప్పుడే తీశాను. ఇది మెట్లెక్కలేదు, బకెట్ మొయ్యలేదు."

అత్తగారు తల ఎత్తలేదు. ఆసుపత్రి వరండాలో నలుగురి ముందూ కోడల్ని తప్పుపడుతూ తను అన్న మాటలే అవి.

"మరి మన పాపకీ ఇదేనా?"

"వెన్ను కట్టుకోలేదని స్కాన్‌లో చూశారు. ఎందుకో వాళ్ళకీ తెలీదు. మెట్లవల్ల మాత్రం కాదు."

"నీ మొగుడికి ముందు నాకూ ఒకటి పోయింది. మెట్లెక్కావనే మా అత్త కూడా అంది. నలభై ఏళ్ళుగా నేనే చంపుకున్నాననుకుంటున్నానమ్మా."

కోడలు కుర్చీ జరిపి ఆమెను కూర్చోబెట్టింది. క్యారియర్ ఇంకా ఆమె చేతిలోనే ఉంది.