గుమ్మానికి కట్టిన కలబంద

నాచారంలో ఒక అద్దె ఇంటి ముందు, దిష్టికని తలకిందులుగా వేలాడదీసిన కలబందను ఆమె విప్పుతోంది. పక్క పోర్షన్ అక్క చూసింది.

“ఎందుకు తీస్తున్నవ్?”

“ఇది కట్టినంక గూడ మిషన్ల పడి మా ఆయన చెయ్యి పాయె. ఇగ దీంతోని ఏం పని? పారేస్త.”

“ఎండకాలమంత మట్టి లేక, నీళ్లు లేక ఏలాడింది. అయినా సూడు, నడుమ కొత్త ఆకు ఏసింది. లావు ఆకుల రకం, నీళ్లు లేకున్నా మస్తు దినాలు బతుకుతది. ఇసుక ఎక్కువ కలిపి కుండీల పెట్టు.”

“నాకు నాటుడు రాదక్కా. ఊర్ల అన్నీ ఆయనే నాటెటోడు. దవాఖానకెళ్లి వచ్చినప్పటిసంది గది దాటుతలేడు.”

“గదిల ఉన్న తమ్మున్నే పిలువు, మీ ఆయన్నే. దీనికి ఒక్క చెయ్యి సాలు.”

ఆమె కలబందను గుమ్మం పక్కన దించింది. తర్వాత తలుపు తోసింది.

“ఏమయ్యా, జర బయటికి రా. నాకు నాటుడు రాదు.”