అంకె తగ్గితే ఓడ లేచింది

ఎనభై ఏడులో మాట. ఉక్కునగరం గేటు దగ్గర నూకాలు టీ బడ్డీ. పొద్దుటి షిఫ్టు దిగి, ఓ కాంట్రాక్టు కంపెనీ కంప్యూటర్ గదిలో పనిచేసే సన్యాసిరాజు బల్ల మీద కూలబడ్డాడు. కళ్ళు ఎర్రబడ్డాయి గానీ నోరు ఆగలేదు.

"అలిసిపోనాను బావా. సీ భాషలో పన్నెండు లైన్ల ప్రోగ్రాం రాసినాను. అప్పట్నుంచీ మనిసికి నిద్దర నేదు."

"ఏటి సేత్తాదది?" క్రేను నడిపే అప్పలసూరి అడిగాడు.

"కంప్యూటర్లో ఒక్కో అచ్చరానికి ఒక్కో బైటు జాగా కావాల. ఫైలు ఎంతుందని అడిగితే, అది పంతొమ్మిది లచ్చల తొంభై రెండు వేల సిల్లర బైట్లంటాది. ఎవుడు సదువుతాడు? నాను దాన్ని భాగించి భాగించి, మనిసికి అర్తమయినట్టు 'ఒక మెగా' అనిపించినాను. మేనేజరు సూసి కళ్ళజోడు తీసేసినాడు, మరి పెట్టుకోనేదు. ఆ తర్వాతేటయిందో తెలుసా? అంకె పొట్టిదయేసరికి డిస్కు బరువు తగ్గిపోనాది. ఇద్దరు మోసేదాన్ని సొక్కా జేబులో ఏసుకుని తిరిగినాను."

"జేబు సిరగనేదా?"

"ఇను బావా. కబురు పోర్టుకెల్లిపోనాది. కనిజం ఓడొకటి అడుగు నేలకి ఆనేసి కదల్నేదట. రెండు టగ్గు పడవలు లాగినా నేదు. నన్ను జీపులో ఎత్తుకుపోనారు. సరుకు కాయితం మీద అంకె నా ప్రోగ్రాంలో ఏసినాను. అంకె తగ్గింది, ఓడ నిలువెత్తు పైకి లేచింది. కెప్టెను ఏడ్సినాడు. యారాడ కొండ మీద కూడా ఆడించమన్నారు. కొండ తగ్గిపోతే లైట్‌హౌసు మునిగిపోతాదని నానే ఒద్దన్నాను. ఓపికా నేదు."

పక్క బల్ల మీద కూర్చున్న పద్మావతి టీ ముట్టలేదు. గోదావరి వైపు నుంచి వచ్చిన మనిషి, అదే కంప్యూటర్ గదిలో టైపు చేస్తుంది.

"రాజు గారూ, భాగించాక మిగిలింది వదిలేశారు మీరు. ఒక మెగా అని చూపించిన ఫైలు దాదాపు రెండు. రెండో డిస్కులో ఖాళీ ఒకటిన్నరే ఉంది. పడుతుంది కదా అని దానిమీదికి ఎక్కించేసి మొదటి డిస్కులోది చెరిపేశాను. తీరా చూస్తే కొత్తది మధ్యలో తెగిపోయింది. అందులో ఉన్నది ఎనిమిది వందల మంది హాజరు. మూడు రోజులుగా మనిద్దరం అదంతా మళ్ళీ టైపు కొడుతున్నాం."

పద్మావతి గ్లాసు పక్కకి జరిపింది.

"అజాగ్రత్త అని నాకు మెమో ఇచ్చారు" అంది.

సన్యాసిరాజు గ్లాసు బల్ల మీద పెట్టాడు. "తప్పు నా ప్రోగ్రాందని మేనేజరుకి సెప్పనేదా అమ్మా?"

"మీరే చెబుతారని చూశాను. ఇక్కడ ఆ ప్రోగ్రాం గురించి రోజూ చెబుతున్నారుగా."

అతను మోకాళ్ళ మీద చేతులానించి లేచి, సగం టీ అక్కడే వదిలి, ఇందాక బయటికొచ్చిన గేటులోకే మళ్ళీ నడిచాడు.