ఒక వాక్యానికి రెండు కార్డులు

సిద్దిపేటలో పాత ఉర్దూ దస్తావేజులను తెలుగులోకి మార్చే దుకాణం అది. మళ్లీ మళ్లీ వచ్చే వాక్యాలకు తెలుగు ఒకసారి కార్డు మీద రాసుకుని, తర్వాత అదే దించుకోవడం అక్కడి పద్ధతి. వెనక గదిలో పెద్ద తర్జుమాదారు ఖుతుబుద్దీన్ సంచి సర్దుకుంటుంటే, ఆయన దగ్గర పని నేర్చుకున్న పిల్ల గడపలోనే నిలబడిపోయింది.

"నిజంగనే పోతున్నరా చాచా?"

"ఉండి ఏం జెయ్యాలె బిడ్డా? పద్మమ్మ తెచ్చిన దస్తావేజుకు తప్పు తర్జుమా అయ్యి ఆమె కొడుక్కు బాయి నీళ్లు బందయినయి. నాకు కండ్లు కనవడ్తలేవని సేటు పొమ్మన్నడు."

"తప్పు మీది గాదు. ఒక్క వాక్యానికి రెండు కార్డులుంటే ఒకటి తీసెయ్యమన్నరు గద?"

"అసలు కాగితంతోని కలిపి సూసి తియ్యమన్న."

"నేను సూడలే. మీ కార్డుల నీళ్ల హక్కు 'ఆయనకు, ఆయన సంతతికి' అని ఉండె. నా దాంట్ల 'ఆయనకు' అనే ఉండె. నా రాత ముత్యాల లెక్క ఉన్నదని మీది చింపిన."

ఆయన కళ్లద్దాల పెట్టె సంచిలో పెట్టాడు.

"ఎరికే. చెత్తబుట్టల ముక్కలు దొరికినయి. అతికిచ్చి కార్డుల డబ్బల పెట్టిన. పద్మమ్మకు కొత్త కాగితం గూడ రాసిచ్చిన."

"మరి సేటుకు నా పేరెందుకు చెప్పలే?"

"నువ్వే చెప్తవని సూసిన."

ముందు గదిలో సేటు దగ్గు వినిపిస్తూనే ఉంది. ఆమె అటు వెళ్లలేదు.

"రేపు చెప్త చాచా. మీరు మళ్ల రావాలె."

"చెప్పినంక ఉత్తరం రాయి. వస్త."

ఆమె సేటుకు చెప్పలేదు, ఉత్తరమూ రాయలేదు. 1988 జూన్‌లో బీదర్‌లోని కూతురింటికి బస్సెక్కిన ఖుతుబుద్దీన్ మళ్లీ సిద్దిపేట రాలేదు. 1991 ఫిబ్రవరిలో అక్కడే చనిపోయాడు.