ముక్క రోగికి, చారు చుట్టాలకి

నా పదవీ విరమణ సభకు పెద్దగా కూర్చుని, నా మాటలు ఎప్పుడు ముగుస్తాయా అని గడియారం వంక చూస్తున్న మా సర్జన్ డాక్టర్ రెంబెర్తో అంతెసానా గారికి, ఈ కొచబాంబా ఊరి క్యాన్సర్ ఆసుపత్రి పెద్దలకు, నాతోపాటు వార్డుల్లో గిన్నెలు మోసిన నర్సమ్మలకు, మూడో వరుసలో తెల్ల టోపీ తీయకుండా కూర్చుని వెనకవాళ్లకు నన్ను కనబడనీయని మన కసిమీరమ్మకు, అందరికీ నమస్కారం. (నవ్వులు)

రోగుల తిండి చూసే డాక్టర్‌గా నేనీ ఊరికి వచ్చినప్పుడు ఒక సంగతి చూసి నివ్వెరపోయాను. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా తినే ఊరు మనది. అలాంటి ఊళ్లో మన రోగులు చిక్కి శల్యమయ్యేవారు. రోగి బలమంతా కోడిచారులో ఉందని మన అమ్మమ్మల నమ్మకం కదా. అందుకని చారు వడకట్టి రోగికిచ్చి, ముక్కలు చూడవచ్చిన చుట్టాలకు పెట్టేవాళ్లం.

బజారులో బంగాళాదుంపలమ్మే కసిమీరా కడుపులో గడ్డతో వచ్చినప్పుడు, పావడా నడుము మీద నిలవక తాడుతో కట్టుకుంది. సోమవారం ఆపరేషన్ అన్నారు అంతెసానా గారు. నేను వెళ్లేసరికి ఆమె చారు తాగుతోంది, తమ్ముడు మంచం పక్కన కోడికాలు చీకుతున్నాడు.

"ముక్క మీ అమ్మకు పెట్టవేం?" అని కూతురు సుల్మాను అడిగాను.

"సారమంతా చారులోకి దిగిపోయింది డాక్టరమ్మా, ఆ పిప్పి అమ్మకెందుకు?"

"చూడొచ్చినోళ్లని పస్తు పంపుతామా తల్లీ?" అంది కసిమీరా. నా రెండు వేళ్లు ఆమె చేతిలో పెట్టి గట్టిగా పట్టమన్నాను. పట్టిందో లేదో నాకు తెలియలేదు. ఆ చేతిని చూశాక నాకు భయం వేసింది.

ఆపరేషన్ ఆపమని నేరుగా సర్జన్ గారి దగ్గరికి వెళ్లాను. "నీ కోడి ఉడికేదాకా గడ్డ ఆగుతుందా, నెల్వా?" అని ఇంతెత్తున లేచారు.

"రెండు వారాలు ఆగుతుంది సార్. ఈ ఒంటి మీద మీరు వేసే కుట్టే ఆగదు."

ఆయన కోపం మీకందరికీ తెలిసిందే. (నవ్వులు) అయినా గడువిచ్చారు. ఆ రోజే వార్డులో చాటింపు వేశాను: ఇకనుంచి ముక్క రోగికి, చారు చుట్టాలకి. తమ్ముడుగారు అలిగి మూడుపూటలు మాట్లాడలేదు. గుడ్డు, మాంసం, పాలు కొంచెం కొంచెంగా, వద్దన్నా వదలకుండా పెట్టాం. ఆపరేషన్ ముందురోజు కసిమీరా సర్జన్ గారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వదులమ్మా, రేపు కొయ్యాల్సింది ఈ చేత్తోనే" అన్నారాయన.

కుట్టు నిలిచింది. మనిషి నిలిచింది. అందరూ అలా నిలిచారని అబద్ధమాడను, మంచి తిండి పెట్టినా దక్కనివాళ్లు ఉన్నారు, వాళ్ల మొహాలు నాకిప్పటికీ గుర్తే. కానీ ఒంట్లో సత్తువ లేనివాళ్లు కోతకూ మందుకూ తట్టుకోవడం కష్టమని ఇక్కడ ఇప్పుడు అందరికీ తెలుసు. స్కానుతోపాటు రోగి బరువూ చేతిపట్టూ చూడనిదే ఈ ఆసుపత్రిలో ఎవరూ ఆపరేషన్‌కు తేదీ వెయ్యరు. ఈ పోరు మనం గెలిచాం, ఆ మాట గర్వంగానే చెబుతున్నాను.

ఇక మీ సంగతి చెప్పమంటారా సార్? (విరామం) చెప్పమన్నట్టు తలూపారు. కిందటేడు అంతెసానా గారికే పేగులో గడ్డ వచ్చింది. "రేపే కోయించుకుంటా" అన్నారు. నేను రెండు వేళ్లు చాపాను. ఆయన పట్టుకున్నారు. పట్టు లేదని ఇద్దరికీ తెలిసిపోయింది. "ఎన్నాళ్లు ఆగాలి?" అని మాత్రం అడిగారు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఏడ్చాను.

మర్నాడే కుండతో కసిమీరా దిగింది. "ఆకలి లేదమ్మా, చారు చాలు" అన్నారు సర్జన్ గారు.

"చారు నేను తాగుతాలే, ముక్క నువ్వు తిను నాయనా" అని, తినేదాకా మంచం పక్కనుంచి లేవలేదు. ఆయన కుట్టూ నిలిచింది.

ఆయన గడియారం ఎందుకు చూస్తున్నారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఆ కుండ ఇప్పుడు మన భోజనం కోసం పెరట్లో ఉంది. (నవ్వులు, చప్పట్లు)

సార్, ఒక్కసారి మీ చెయ్యి ఇటివ్వండి. గట్టిగా. ఇంకా గట్టిగా. (విరామం)

ఇక వదలండి సార్, ఈ చేత్తోనే శాలువా అందుకోవాలి. ఇన్నేళ్లు నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. పదండి, భోజనం చల్లారుతోంది. సెలవు.