పైపు పరిస్థితి సంతృప్తికరం

హలో… ఆ, నేనే, శివలీలను. చెప్పండి.

…

మేడమ్ ఏంది? కట్టుకున్న పెండ్లాన్ని మేడమ్ అంటాండారేంది?

…

ఓ, పక్కన మీ ఈఈ గారుండారా. కర్నూలు నుంచి కొత్తగా వచ్చినాయన. సరే, నేనూ సార్ అంటాలే. చెప్పండి హనుమేష్ సార్, నీళ్ల ఆఫీసుకు మా మున్సిపాలిటీ రోడ్ల ఆఫీసుతో ఏం పని పడింది?

…

మా లెటరు ఈ పొద్దు చేరిందా. శానా సంతోషం. ఉగాదికి ముందు రాసింది సార్ అది. బండ్ల వీధికి సిమెంటు రోడ్డు డిజైను చేస్తాండాము, కింద మీ పైపు యాడుండాది, ఎట్లుండాది అని. మన రెండాఫీసులకూ ఒకటే కాంపౌండు. లెటరు మాత్రం కర్నూలు దాకా పోయి తిరిగి మీ టేబులు మీదికొచ్చింది.

…

జాయింట్ ఇన్‌స్పెక్షనా… వచ్చే నెలనా? పొద్దున మీ బండి మీద ఇద్దరమూ ఆ వీధిలోనే గదా పోయింది. గుంతలో బండి ఎగిరితే మీ నడుము పట్టుకుంటి. అది జాయింటూ కాదా, ఇన్‌స్పెక్షనూ కాదా?

…

దగ్గొద్దులెండి. ఆయనకు ఇనపడదు.

…

కరెంటోళ్లనా? అడిగినా. స్తంభం మాదేగానీ వైర్లు కేబులోళ్లవి, వాళ్లు తీస్తే జరుపుతాం అన్యారు. కేబులోళ్లేమో, స్తంభం జరిపితే తీస్తాం అన్యారు. ఇదంతా ఎందుకని డిజైను గీసే కడపాయన డ్రాయింగులోంచి స్తంభాన్నే తీసేసినాడు. కాగితం మీద రోడ్డు శానా బాగుండాది. పైన స్తంభం ల్యా, కింద పైపు ల్యా.

…

సరే, మీ జవాబు సదవండి. వింటాండా…

ఆ ముక్క మళ్లా సదవండి.

…

'పైపు పరిస్థితి సంతృప్తికరం.' ఎవరు రాసినారు? … మీరేనా? … సంతకం గూడా పెట్టేసినారా?

…

నిన్న అన్నం తింటా నాకేం చెప్తిరి? ఆ పైపు ముట్టుకుంటే పెళ్లలూడతాండాదని, మురిక్కాలవ నీళ్లు దాంట్లోకే పోతాండాయని చెప్పిందెవరు? హోటలు బుడేన్ సాహెబా?

…

తెలుసు. పాడైందని రాస్తే మార్చాల. మార్చాలంటే ఈ ఏడు మీకు శాంక్షన్ ల్యా. అడిగితే ఆయన కసురుకుంటాడు. అందుకని పైన నా రోడ్డేసి కప్పేద్దామా?

…

నా రోడ్డు పోతే పోనీ, మళ్లా మీరే వచ్చి పగలగొడతారు, అది మామూలే. ఆ నీళ్లు తాగేవాళ్ల సంగతేంది? ఆ వీధిలోనే ఉండి నాకు జాకెట్లు కుట్టే మెహనాజ్… ఆమె బిడ్డ వాంతులూ బేదులూ అయ్యి ఆస్పత్రిలో పడుండాది. చూసి రమ్మని నన్ను పంపింది మీరే.

…

యాడుండానా? బండ్ల వీధిలోనే. నిలబడి గుంత తీయిస్తాండా. … ఎవరి పర్మిషనూ ల్యా.

సుంకన్నా, పార నిదానంగా ఎయ్యప్పా, పైపుకు తగుల్తాది.

… మీతో కాదు. గుంత తీసే మనిషితో.

…

దొరికిందండి. మీ మ్యాపులో వీధి అంచున ఉండాది, ఈడ చూస్తే నట్టనడుమ. పగిలింది. పగులుకు ఎవరో సైకిలు ట్యూబు చుట్టినారు. సుట్టూ నల్లనీళ్లు. వాసన ఫోన్లో పంపలేనుగానీ, ఫొటో పంపుతాండా… ఆ, పోయింది.

మీకు కాదు. మీ ఈఈ గారికి.

…

కోపం కాదు. మీ సంతకాన్ని నమ్మినట్టు నటించి నేనూ సంతకం పెడితే, మనిద్దరం ఒకరి ముఖం ఒకరు ఎట్ల చూసుకునేది?

…

ఫొటో చూసినాడా? ఫోన్ ఇయ్యమంటాండాడా? ఇయ్యండి. భయపడాకండి.

…

నమస్కారం సార్. శివలీల, మున్సిపాలిటీ ఇంజనీరును… అవును సార్, ఆ పైపే.

…

మీవాళ్లు మ్యాపు చూసి రాసినట్టుండారు సార్. మ్యాపులో పైపు బాగానే ఉంది. భూమిలోనే పగిలింది.

…

పైపు మారుస్తామని మీరు రాసిస్తే, మార్చేవరకు నా డిజైను ఆపుతాను సార్. ముందు పైపు, తర్వాతే రోడ్డు. … రాసియ్యకపోతే డిజైనుతో పాటు ఈ ఫొటో గూడా కలెక్టరాఫీసుకు పోతుంది.

…

అయ్యో, బెదిరింపు కాదు సార్. సమన్వయం.

…

ఇప్పుడే వస్తారా. మంచిది. వచ్చేలోపల ఈ వీధికి పైపు నీళ్లు ఆపించి, ట్యాంకరు పంపించండి సార్.

…

హనుమేషా? తెలుసు సార్… మా ఆయనే.

…

లేదు సార్. ఇంట్లో ఒక్క ముక్క గూడా చెప్పలేదు. రెండాఫీసుల నడుమ మాటలుండవు గదా సార్.

…

ఆ, పెట్టేయండి. గుంత కాడే ఉంటాను.