ఉప్పునీళ్ళ కమాను

పెండ్లికి పోయేటోని మాదిరి తయారైనావే మేస్త్రీ మీరన్నా! కూసో. నేను దోవ విడిచేది లేదు. ఈ జీవమ్మకు ఎండ తగిలిందనుకుంటాండావా? అనుకో.

పొద్దు వాలకముందే వంతెన కమాన్ల కింద ఆసరా కొయ్యలు ఊడగొడతారు. కట్టిన మేస్త్రీ ఆపొద్దు కిందనే నిలబడల్ల. మీ నాయన నిలబడినాడు, మీ జేజినాయన నిలబడినాడు... తెల్సు. అందుకే వచ్చినా.

మొదటి రెండింటి కింద నిలబడు. కావాలంటే పండుకో, ఎవరొద్దన్నారు? మూడోదాని కింద మాత్రం వద్దు.

ఎందుకా?

దాని రాళ్ళ సందుల్లో తెల్లగా పొడి లేసింది చూసినావు కదా. "సున్నానికి చెమట పట్టింది జీవమ్మా" అని నవ్వితివి. నేను గోటితో గీరి నాలిక మీద పెట్టుకున్నా. ఉప్పు! తుడిచేస్తే మూడు దినాలకు మళ్ళా పూస్తాండాది.

నవ్వొద్దు. గానుగ కాడ ఎద్దును తోలి సున్నం నూరే ఆడదానికి ఏం తెల్సు అనా? గుడి గోడ మీద వాక్యాలు చూసి, ఎవరూ చెప్పకుండానే అచ్చరాలు నేర్చినదాన్ని. నువ్వు చెప్పింది మర్చిపోతానా? సున్నంలోకి తియ్యనీళ్ళే పోయల్ల, ఉప్పునీళ్ళు పడితే రాయిని పట్టదు, పొడై రాలిపోతాది. నీ నోటి మాటే కదా ఇది?

ఇంగ విను.

ఎండాకాలం వంకలో చెలమలు తీసితీసి చేతులు బొబ్బలెక్కినాయి. ఇసుకే. మిగిలింది ఒక్క ఉప్పు బావి. అది మాకు తాగనీకె! ఓర్వకల్లు గుట్టల రాతి దొన నుంచి బండి మీద పీపాల్లో తియ్యనీళ్ళు వచ్చేది సున్నానికి! "పీపా ముట్టినోళ్ళకు రేపు పని లేదు" అనె ఓవర్సీరు. రాయి తియ్యనీళ్ళు తాగల్ల, మనిషి ఉప్పునీళ్ళు తాగల్ల. ఇదేం న్యాయమప్పా?

పిల్లోళ్ళకు విరేచనాలు, రక్తబంక పట్టె. మా పక్క గుడిసె హంపమ్మ బిడ్డను గట్టున పూడ్చిన దినం నువ్వూ పిడికెడు మన్నేసినావు. ఆ బిడ్డ పెదాల మీద కూడా తెల్లగా చారలు ఉండె. చూసినావో లేదో.

మర్నాటి నుంచి మార్చినా. పీపా నీళ్ళు గుడిసెలకు, బావి నీళ్ళు గానుగలోకి. ఎవరికీ చెప్పలా. "ఓవర్సీరు దయ తలచినాడు" అంటి. ఆ పాపిష్టోన్ని చేతులెత్తి మొక్కిరి కూడా! పద్దెనిమిది దినాలు. మూడో కమాను లేసింది ఆ దినాల్లోనే.

అట్ల చూడొద్దు. తిట్టు.

జ్వరమని చెప్పి ఈ పొద్దు ఇంట్లో పండుకో. ఏమంటాండావు? మేస్త్రీ నిలబడకపోతే కమాను మీద అనుమానం వస్తాదా, గానుగ కాడికి వస్తారా, నన్ను పట్టుకుంటారా? అందుకు నువ్వు చస్తావా? రేపు దాని మీద బండ్లు పోతాయి, సంతకు పోయే జనం పోతారు. వాళ్ళ కింద అది కూలితే ఎవరు అడ్డం నిలబడతారు?

ఇంగొకటి చెప్పల్ల. చెప్పొద్దనే వచ్చినా.

మీ మాబూబీకి కూడా ఆ రక్తబంక పట్టింది కదా? ఇప్పుడు లేసి మేకపిల్లతో ఎగురుతాండాదే, తాయెత్తుతో బాగయిందనుకున్నావా? పీపాలో ముంచిన మొదటి చెంబు నీ బిడ్డకే పోసినా.

తప్పే. దేవుని ముందరైనా తప్పే అంటా. మళ్ళా అట్లాంటి ఎండాకాలం వస్తే మళ్ళా అదే చేస్తా. అదీ చెప్తా ఆయనకు.

సుత్తి చప్పుడు... మొదలుపెట్టినారు. యాడికి లేస్తాండావు? ఇంత చెప్పినా పోతావా?

అయితే నేనూ వస్తా. కట్టినోడు నిలబడల్లంటే నూరిందీ నిలబడల్ల కదా. గానుగ ఆడదానికి ఈడేం పని అని అడుగుతారు. అడగనీ. అందరికీ వినపడేట్ల చెప్తా.

భయమా? శానా ఉండాది. నడువు.