చీపురు పట్టిన రాబందు

బొమ్మల ప్రదర్శన హాలు తలుపులు ఇంకా తెరవలేదు. రాబందులను కాపాడేవాళ్ళకు డబ్బు పోగుచెయ్యాలని, ఒక అమ్మాయి తను సొంతంగా ఊహించి గీసిన బొమ్మలను బల్లమీద పేరుస్తోంది. పక్కన నిలబడి ఆమె పిన్ని వంకలు పెడుతోంది.

"నీకు ఈ బోడితలదే దొరికిందా? పులిని గీస్తే ఎగబడి కొనేవాళ్ళు."

"పులికి చాలామంది ఉన్నారు పిన్నీ. దీనికెవరున్నారు?"

"పోనీ, కాస్త అందంగా గీయొచ్చుగా. ఆ చీపురేంటి?"

"కుళ్ళిందంతా తినేసి ఊరికి రోగం రాకుండా చూసేది ఇదేగా. మెచ్చుకునేవాళ్ళే లేరు."

"మరి నడుం మీద ఆ రెక్కేంటి, ఎవరినో తిట్టబోతున్నట్టు?"

"రోజూ ఇల్లు ఊడ్చాక నువ్వలాగే నిలబడతావు."

పిన్ని కళ్ళజోడు సర్దుకుని బొమ్మను చూసింది. తన నడుం మీది చెయ్యి మెల్లగా తీసేసింది.

"ధరెంత పెట్టావు?"

"వంద."

"నేనంత చవకా? కొట్టేసి మూడొందలు రాయి."